కమాను కింద మల్గీ

తండ్రి పోయాక శ్యామ్‌సుందర్ చేతికి వచ్చినవి ఇవి: నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఎనిమిది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల లోతు ఉన్న మల్గీ, అంటే దుకాణం గది, ఒకటి. అందులో ఆరు కొత్త హార్మోనియాలు, పదమూడు పాతవి, రెండు జతల తబలాలు, మెట్లు అరిగిన సితార్. నెలకు నూట ఎనభై రూపాయల కిరాయి. ఆ కిరాయి తీసుకునే గానసమాజంలో తండ్రి పేరు మీద నుంచి తన పేరు మీదికి మారిన జీవిత సభ్యత్వం. ఈ చివరిదాన్ని అతను ఆస్తి కింద ఏనాడూ లెక్కపెట్టలేదు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో పెట్టే రవ్వలడ్డూ, కారప్పూస తప్ప దానివల్ల వచ్చేదేమీ లేదు.

గానసమాజం హాలు నైజాం కాలంలో చందాలతో కట్టినది. ముందువైపు ఐదు రాతి కమానులు. నడిమి కమాను లోపలికి దారి. మిగతా నాలుగింట్లో నాలుగు మల్గీలు: ఒక జిరాక్స్ సెంటర్, ఒక పాన్ దుకాణం, సూట్‌కేసులకు జిప్పులు వేసేవాడు, చివర శ్యామ్‌సుందర్. లోపల కచేరీ మొదలైతే నలుగురూ షట్టర్లు సగానికి దించాలి. ఏ కాగితంలోనూ రాయని కట్టుబాటు అది. నలభై ఏళ్లలో ఆ హాల్లో ఎవరెవరు పాడారో శ్యామ్‌సుందర్ చెప్పలేడు గానీ, వాళ్లు పాడిన సాయంత్రాలు బేరం ఎంత పడిపోయిందో చెప్పగలడు. హార్మోనియంలో ఒక రీడు శ్రుతి తప్పితే అతని చెవికి వెంటనే తెలుస్తుంది. ఎందుకంటే అది రిపేరు.

రిపేర్లు చేసేది రాజమల్లు. సిద్దిపేట దిక్కు నుంచి వడ్రంగం పని మీద వచ్చి, రీడ్లు గీకడం నేర్చి, ఇరవై రెండేళ్లుగా ఆ మల్గీ వెనక భాగంలోనే కూర్చున్నాడు.

రెండువేల ఇరవై రెండు వానాకాలంలో హాలు కప్పు నుంచి తట్టెడు సున్నం పెచ్చు ఊడి మూడో వరుస కుర్చీల మీద పడింది. ఆ రోజు కచేరీ లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటికే గోడల్లో రావి మొలకలు మొలిచాయి. బాల్కనీని పావురాలు పట్టుకున్నాయి. వెనక వైపు మరుగుదొడ్డి కప్పు కూలి ఏడాది దాటింది. పెచ్చు పడిన నెలకు శిథిల భవనమని నోటీసు వచ్చింది. ఆ నోటీసు వెనకే బిల్డర్ మహీధర్ వచ్చాడు.

మహీధర్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. మాట మర్యాద తెలిసినవాడు. మల్గీ ముందు స్టూలు మీద కూర్చుని, ఇరానీ చాయ్ తెప్పించుకుని, శ్యామ్‌సుందర్‌కూ ఒక కప్పు ఇప్పించాడు.

"అంకుల్, మీకు పద్దెనిమిది లక్షలు. ఖాళీ చేసిన రోజే అకౌంట్‌ల పడ్తయి."

"పైసలు మంచియే బేటా. మల్గీ సంగతి చెప్పు. కొత్త బిల్డింగ్‌ల నాకు కింద ఒకటి ఇస్తవా?"

"కింద మొత్తం ఒక్కటే బట్టల షోరూమ్ అంకుల్. వాళ్లు నడుమ గోడ సుత వద్దన్నరు."

"మరి రెండో అంతస్తుల?"

"ఇస్త. అయితే హార్మోనియం కొనేటోడు లిఫ్ట్ ఎక్కి వస్తడా?"

వెనక నుంచి రాజమల్లు నవ్వాడు. "ఎక్కి వస్తడు సేటూ. దిగేటప్పుడే హార్మోనియం పట్టుకోని ఇరుక్కపోతడు."

మహీధర్ చూపించిన నక్షా ఏడంతస్తులది. నాలుగో అంతస్తులో సమాజానికి రెండువందల యాభై కుర్చీల ఏసీ హాలు, పక్కన పాఠాలు చెప్పుకోవడానికి రెండు గదులు, నెలనెలా కొంత ఆదాయం. చూస్తే చెడ్డ బేరం కాదు. సమాజం వరకైతే.

శ్యామ్‌సుందర్ తన వైపు లెక్క వేసుకున్నాడు. పద్దెనిమిది లక్షలు బ్యాంకులో వేస్తే నెలకు పది వేలు వస్తాయి. స్టేషన్ రోడ్డు మీద ఇంకో మల్గీ చూసుకుంటే కిరాయి నలభై అయిదు వేలు. లోపలి గల్లీలోకి పోతే కిరాయి తగ్గుతుంది, బేరమూ పోతుంది. అతని దగ్గర కొనేది పాటగాళ్లు కాదు. తాండూరు నుంచో, కాగజ్‌నగర్ నుంచో రైలు దిగే భజన మండళ్ల వాళ్లు. స్టేషన్ బయటికి రాగానే బోర్డు కనబడితే వస్తారు, లేకపోతే లేదు. రైలు వచ్చి ఆగే చోట నూట ఎనభై రూపాయలకు కూర్చోవడం, అదీ అతని అసలు వ్యాపారం. హార్మోనియాలు పైకి చెప్పే మాట. హాలు ఉన్నంతవరకే ఆ కిరాయి. హాలు పోయిందంటే అతను ఇంటి నిండా పెట్టెలు పేర్చుకున్న అరవై మూడేళ్ల ముసలివాడు.

మర్నాటి నుంచి శ్యామ్‌సుందర్ సంగీతాభిమాని అయ్యాడు.

మనస్విని అనే అమ్మాయి పాత కట్టడాలను బాగుచేయించే ఆర్కిటెక్ట్. అబిడ్స్‌లో చెప్పుల దుకాణం మీద మూడో అంతస్తులో ఆమె ఆఫీసు. ఎప్పుడో ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాలు చూసుకుని, అట్నుంచి ఇటు వచ్చి హాలు ఫోటోలు తీసుకుంటూ అతనికి కార్డు ఇచ్చింది. ఎవరి కార్డునూ పారేయని అలవాటు అప్పుడు పనికొచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ పోయి, "మా హాలును కాపాడాలె బేటా," అన్నాడు.

ఆమె కళ్లు మెరిశాయి. వారసత్వ కట్టడాల కమిటీ ఒకటుందనీ, దాని జాబితాలో చేరితే ఎవరూ ముట్టుకోలేరనీ, మరమ్మతులకు డబ్బిచ్చే కంపెనీలు కూడా తనకు తెలుసనీ చెప్పింది. "కానీ అంకుల్, ముందు సమాజం ఒప్పుకోవాలి. తర్వాత కట్టడం ఎంత పాతదో, మొదట్లో ఎలా ఉండేదో ఆధారం కావాలి. కాగితమో, ఫోటోనో."

ఫోటో ఉంది. కాచిగూడలో ఇంట్లో, రేకు పెట్టెలో, తల్లి పట్టుచీరల అడుగున ఉంది. హాలు తెరిచిన రోజు తీసింది. షేర్వానీలు, రూమీ టోపీలు, తలపాగాలు, మెడల్లో పూలదండలు. ఎడమ మూలన నిక్కరు వేసుకుని చేతులు కట్టుకున్న ఎనిమిదేళ్ల పిల్లవాడు శ్యామ్‌సుందర్ తండ్రి. అబిడ్స్‌లో ఒక స్టూడియోలో దాన్ని పెద్దది చేయించి మూడు కాపీలు తీయించాడు. ఒకటి మనస్వినికి, ఒకటి సమాజానికి, ఒకటి మల్గీలో గోడకు. వచ్చినవాడికల్లా చూపించేవాడు. "గీ మూలకున్నది మా నాయన. వెనకున్నాయన వకీలు. గీయన సుల్తాన్ బజార్ల బట్టల సేటు, రెండు వేలు చందా ఇచ్చిండు ఆ జమానల."

ఇక మిగిలింది సమాజం ఒప్పుకోవడం. నలభై మూడు మంది సభ్యుల్లో కదిలి రాగలిగేవాళ్లు ముప్పై ఏడు మంది. కార్యదర్శి విద్యాసాగర్ బిల్డర్ వైపే ఉన్నాడు. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, లంచం పుచ్చుకునే రకం కాదు. అలిసిపోయాడంతే.

"డెబ్బై రెండేండ్లు వచ్చినయి శ్యామ్ భాయ్. ప్రతి వానకూ ఎన్ని పెంకులు పగిలినయో లెక్కవెట్టి, చందాలకు ఉత్తరాలు రాసి, నాలుగు పెంకులు కొనుక్కొచ్చుడు. ఇంకెన్నేండ్లు? కొత్త హాలు కట్టిస్త అంటున్నడు. పాడుకునేటోళ్లు పాడుకుంటరు. రాళ్లు పాడ్తయా?"

శ్యామ్‌సుందర్ అతనితో వాదించలేదు. వాదనతో సరుకు అమ్ముడుపోదు. ఇంటింటికీ తిరిగాడు. ఒకాయన హార్మోనియం ఊరికే బాగుచేయించి పెట్టాడు. ఒకాయనకు, మీ తాత పేరు హాలు గోడ మీద రాతిలో ఉంది, రేపు ఆ రాయి కూల్చిన మట్టి మలబాలో పడుతుందని గుర్తుచేశాడు. ఇంకొకామె మనవరాలికి సగం ధరకు తబలా ఇచ్చాడు. వారం తిరిగేసరికి తనతో కలిపి పద్దెనిమిది మంది గట్టిగా తేలారు. ఇంకొక్కరు కావాలి.

ఆ ఒక్కరు జయమ్మ. డెబ్బై ఆరేళ్ల వయొలిన్ టీచర్. హాలు వెనక గదిలో ముప్పై ఏళ్లుగా రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా పిల్లలకు నేర్పుతోంది. శ్యామ్‌సుందర్ వెళ్లేసరికి చాప పరుస్తోంది.

"టీచరమ్మా, జర మాట్లాడాలె."

"మాట్లాడు. పిల్లలు వచ్చేలోపల. ఆకు వెయ్యమంటవా, వక్క వెయ్యమంటవా?"

సమాజంలో ఓటంటే చేతులెత్తడం కాదు. పెద్దల కాలం నుంచీ ఇత్తడి బిందె మీద గుడ్డ కప్పి పెడతారు. ఔననేవాళ్లు తమలపాకు, కాదనేవాళ్లు వక్క, గుడ్డ కింద చెయ్యి పెట్టి వేస్తారు. హాలును బిల్డర్‌కు ఇద్దామా అన్నది ఈసారి ప్రశ్న.

"మీరు నేరుగనే అడిగిన్రు," అన్నాడు శ్యామ్‌సుందర్.

"మరేం జెయ్యాలె? నలభై ఏండ్ల సంది ముందటి మల్గీల ఉన్నవు. ఒక్కనాడన్న ఈ గదికి వచ్చినవా? ఇయాల వచ్చినవంటే పని పడ్డట్టే గద."

"కొత్త హాలు మైకుల హాలు టీచరమ్మా. ఇక్కడ మీరు ఎంత సన్నగ వాయించినా బాల్కనీల ఆఖరి కుర్చీ దాక వినబడ్తది. అసొంటిది మల్ల రాదు."

"నువ్వెప్పుడు కూసున్నవు ఆఖరి కుర్చీల?"

జయమ్మ చాప అంచు సర్దింది.

"వినబడ్తది, అబద్ధం కాదు. నేను కూసున్న. చిన్నగున్నప్పుడు మా నాయన పక్కన కూసోని విన్న. అయితే శ్యామూ, నాకిప్పుడు సౌండ్ వద్దు. నాకు బాత్రూం కావాలె. ఉన్నది కూలిపాయె. పోవాలంటే రోడ్డు దాటి స్టేషన్ కాడ అయిదు రూపాయలిచ్చి లైన్‌ల నిలబడాలె. గా బస్సులల్ల, ఆటోలల్ల నేను దాటుతనా? అందుకే పన్నెండు గొట్టినంక నీళ్లు ముట్ట. ఇంటికి వొయినంకనే తాగుడు. మహీధర్ నక్షా చూసిన. గదికి ఆనుకోని బాత్రూం గీసిండు. నేను ఆకే వేస్త."

దీనికి ఏ సంగీతమూ జవాబు కాదని అతనికి తెలిసిపోయింది. గిరాకీకి వచ్చినవాడు ఏది అడిగితే అది చూపించాలి.

"బాత్రూం నేను కట్టిస్త. నా పైసలతోని. నెలరోజులల్ల. గా సరస్వతి పటం మీద ఒట్టు."

"ఒట్టు వద్దు. మేస్త్రీని తీస్కరా."

మర్నాడే మేస్త్రీని తీసుకొచ్చాడు. టేపు పట్టి గోడ కొలిచారు, పైపు ఎక్కడ నుంచి రావాలో సుద్దముక్కతో గీశారు. కమోడ్ కావాలా, మామూలుది కావాలా అని మేస్త్రీ అడిగితే జయమ్మ సిగ్గుపడుతూ, "కమోడే పెట్టు నాయనా, మోకాళ్లు వంగవు," అంది. లక్షా పది వేలని మేస్త్రీ చీటీ రాసిచ్చాడు. శ్యామ్‌సుందర్ దాన్ని ఆమె ఎదుటే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రెండువేల ఇరవై మూడు మార్చిలో సమావేశం జరిగింది. ముప్పై ఏడు మందీ వచ్చారు. జయమ్మ వంతు వచ్చినప్పుడు బిందె దగ్గర కాసేపు నిలబడింది. గుడ్డ కింద చెయ్యి పెట్టేముందు ఒకసారి తల తిప్పి శ్యామ్‌సుందర్‌ను చూసింది. అతను తల ఊపాడు.

విద్యాసాగర్ బిందెను పళ్లెంలోకి బోర్లించాడు. ఆకులు పద్దెనిమిది. వక్కలు పంతొమ్మిది. "మల్ల లెక్కవెట్టుండ్రి," అని ఎవరో అరిస్తే మళ్లీ లెక్కపెట్టారు. లెక్క మారలేదు. విద్యాసాగర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ముబారక్ శ్యామ్ భాయ్. ఇగ పెంకులు నువ్వే లెక్కవెట్టు," అన్నాడు. బయట కారులో కూర్చున్న మహీధర్ సంగతి తెలియగానే కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. మనస్విని ఫోన్‌లో సంతోషంతో ఏడ్చినంత పని చేసి, సమాజం తరఫున కమిటీకి అర్జీ పెట్టింది.

బాత్రూం పని మొదలుపెట్టడానికి మేస్త్రీ రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి శ్యామ్‌సుందర్ నిజంగానే పెళ్లిళ్ల సీజన్ బేరాల్లో మునిగి ఉన్నాడు. రెండోసారికి అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. కమిటీ జాబితాలో చేరితే కంపెనీ డబ్బిస్తుంది. హాలంతా బాగుచేసేవాళ్లు ఒక మరుగుదొడ్డి కట్టరా? వాళ్లు కట్టబోయేదానికి తను లక్షా పది వేలు ముందే పోయడం ఎందుకు? ఒకే పనికి రెండుసార్లు ఖర్చు పెట్టేవాడు దుకాణం నడపలేడు. జయమ్మతో, "వానలు పోనీ టీచరమ్మా," అన్నాడు. వానలు పోయాక, "ఆర్డర్ రానీ," అన్నాడు. మూడోసారి తర్వాత ఆమె అడగడం మానేసింది. ఎప్పుడైనా మల్గీ ముందు నుంచి పోతూ, "ఆ మేస్త్రీ మంచిగున్నడా శ్యామూ?" అనేది. అతను నవ్వేసేవాడు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆర్డర్ వచ్చింది. హాలు జాబితాలో చేరింది. మనస్విని పెద్ద పెద్ద నక్షాలు తెచ్చి వేదిక మీద పరిచింది. సభ్యులకు శ్యామ్‌సుందర్ తన డబ్బుతో జిలేబీ పంచాడు. తింటూ వంగి నక్షాలో తన మల్గీ కోసం వెతికాడు. కమానులు ఐదూ ఉన్నాయి. ఐదింటిలోంచీ అవతలి వరండా కనబడుతోంది.

"మల్గీలు గీసుడు మర్చిపోయినవు బేటా."

మనస్విని అతని వైపు జాలిగా చూసింది. "లేదు అంకుల్. అవి తర్వాత కట్టినవి కదా. హాలును మొదట్లో ఎలా ఉందో అలాగే నిలబెట్టాలని ఆర్డర్. తర్వాత చేర్చినవన్నీ తీసేయాలి."

"మొదట్ల మల్గీలు లేవని ఎవరు చెప్పిన్రు?"

"మీరే అంకుల్. మీ ఫోటో."

ఆమె ఫైల్లోంచి కాపీ తీసి చూపించింది. షేర్వానీల వెనక, తలపాగాల వెనక, నిక్కరు వేసుకున్న పిల్లవాడి వెనక, కమానులన్నీ తెరిచి ఉన్నాయి. వాటిలోంచి ఎండ నేల మీద పడుతోంది. ఏడాదిగా ఆ ఫోటోను వందమందికి చూపించాడు. ఎవరెవరున్నారో చెప్పాడు. మనుషుల వెనక ఖాళీగా ఉన్న చోటును అతను చూడలేదు. సరుకు లేని చోట వ్యాపారి కన్ను ఆగదు.

"నేను ఫోటో ఇయ్యకుంటే?"

"అప్పుడు కేసే నిలబడేది కాదు. హాలు కూడా ఉండేది కాదు."

జిలేబీ పాకం వేళ్ల మధ్య అంటుకుని ఉంది. అతను రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. తర్వాత అడగాల్సింది గుర్తొచ్చింది.

"జయమ్మ టీచర్ బాత్రూం?"

"ఇప్పుడు కొత్తగా ఏదీ కట్టకూడదు అంకుల్. అంతా పూర్తయ్యాక వెనక ఒక బ్లాక్ అనుకున్నాం. రెండేళ్లు పట్టొచ్చు."

ఆ రాత్రి మహీధర్‌కు ఫోన్ చేశాడు. మర్యాద తప్పని మనిషి కాబట్టి ఎత్తాడు. "నేను ఇంకో జాగ తీసుకున్న అంకుల్, పని షురువైంది. మీ మీద నాకు కోపం లేదు. పద్దెనిమిది లక్షలంటే అది ఆ జాగకు కట్టిన ధర. ఇప్పుడు దేనికిచ్చేది?"

మిగతా మల్గీల వాళ్లు మొదట కోర్టన్నారు. తర్వాత వకీలు ఫీజు విని ఒక్కొక్కరే జారుకున్నారు. జిప్పులు వేసేవాడు పోతూపోతూ, "మా అందరి తరఫున నువ్వే నిలబడి గెలిపించినవు సేట్‌సాబ్," అని సలాం చేసి మరీ పోయాడు. విద్యాసాగర్ సమాజం తరఫున చెక్కు రాశాడు. పంతొమ్మిది వందల అరవై రెండులో శ్యామ్‌సుందర్ తండ్రి మల్గీ తీసుకున్నప్పుడు కట్టిన పగిడీ, అంటే అడ్వాన్సు, నాలుగు వేలు.

"నాలుగు వేలా విద్యాసాగర్ సాబ్?"

"రసీదుల గంతనే ఉంది. నేను చదివిందే రాస్త. ఎక్కువ రాయాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలె. పెట్టమంటవా? బిందె తోమిస్త."

శ్యామ్‌సుందర్ చెక్కు తీసుకున్నాడు.

ఖాళీ చేసిన రోజున బాల్కనీలో కుర్చీల కింద రాజమల్లు చేత దాచిపెట్టించిన పాత పెట్టెలు దించడానికి తనే పైకెక్కాడు. అన్నేళ్లలో అటు పోవడం అదే మొదలు. పావురాలు లేచాయి. కింద వేదిక మీద రాజమల్లు పెట్టెలు కట్టేముందు అలవాటు కొద్దీ ఒక హార్మోనియం గాలితిత్తి ఊపి ఒక మెట్టు నొక్కాడు. ఆ స్వరం చెవి పక్కన ఎవరో నొక్కినంత దగ్గరగా వచ్చి నిలిచింది. శ్యామ్‌సుందర్ ఆఖరి వరుసలో ఒక కుర్చీ దుమ్ము దులిపి కూర్చున్నాడు. "మల్ల కొట్టురా," అన్నాడు. రాజమల్లుకు వినబడింది, అరవాల్సిన పనే లేకపోయింది. ఇంకోసారి నొక్కాడు. ఇది ఇక్కడ ఉందని నలభై ఏళ్లు తెలియకుండానే దీన్ని అమ్మడానికి ఇల్లిల్లూ తిరిగానని అతనికి అనిపించింది. తర్వాత టెంపో వాడు హారన్ కొట్టాడు.

నెల తిరక్కుండానే జయమ్మ దవాఖానలో చేరిందని కబురు వచ్చింది. మూత్రపిండాల్లో చీము. శ్యామ్‌సుందర్ డజను మోసంబీలు కొనుక్కుని వెళ్లాడు. ఆమె మొహం వాచి ఉంది. మంచం పక్కన నీళ్ల సీసా, దాని మీద గంట గంటకూ ఎంత తాగాలో గీసిన పెన్ను గీతలు.

"డాక్టర్ అడిగిండు, నీళ్లెందుకు తాగవమ్మా, నాంపల్లిల నీళ్లు దొరకవా అని. నవ్వొచ్చింది."

"కమిటీవాళ్లు కట్టద్దన్నరు టీచరమ్మా. నేనేం జెయ్యాలె? ఆర్డర్‌లనే రాసిన్రు."

"ఆర్డర్ ఎప్పుడొచ్చింది?"

"ఫిబ్రవరిల."

"నువ్వు మేస్త్రీని తెచ్చిందెప్పుడు?"

అతను మోసంబీల సంచీ కింద పెట్టడానికి చోటు చూశాడు.

"అంతకు ముందటి మార్చిల," అంది జయమ్మే. "పదకొండు నెలలు శ్యామూ. నువ్వు లెక్కల మనిషివి. నాతోని చెప్పిస్తున్నవు."

"పిల్లల పాఠాలు..."

"వేరే టీచర్ కాడికి పంపిన. మూడు గంటలు ఒక్క తీరుగ కూసోవద్దన్నడు డాక్టర్. వయొలిన్ మా చెల్లె మనవరాలికి ఇచ్చేసిన. నీకాడికి పంపితే సగం ధర కడ్తవని భయపడి." ఆమె కళ్లు మూసుకుంది. "పో. మోసంబీలు తీస్కపో. నాకు పుల్లటియి వద్దన్నరు."

అతను సంచీ తీసుకుని వచ్చేశాడు. కాచిగూడలో దిగాక ఆటోవాడికి ఇచ్చేశాడు.

ఇది జరిగి ఏడాదిన్నర. కంపెనీలో డబ్బిస్తానన్న మనిషి మారిపోయాడు. కొత్తాయనకు చెరువుల మీద మక్కువ. మల్గీల షట్టర్లు, వాటి వెనక గోడలు తీసేదాకా, కప్పు మీద పెంకులు దించేదాకా పని నడిచింది. ఆ తర్వాత ఆగింది. కప్పు మీద నీలం టార్పాలిన్ పట్టా, ముందు ఇనుప కంచె, కంచె మీద ఇది రక్షిత కట్టడమని బోర్డు. పట్టా కింద వానాకాలం రెండుసార్లు గడిచింది. సభ్యుల్లో నలుగురు పోయారు, విద్యాసాగర్ కూడా. సమావేశాలు జరగడం లేదు. చేయాల్సిన చోటు మూసి ఉంది.

శ్యామ్‌సుందర్ హార్మోనియాలు కాచిగూడ ఇంటి ముందు గదిలో ఉన్నాయి. ఆ గల్లీలోకి రైలు దిగినవాడెవడూ రాడు. ఆదివారాలు రెండు పాత పెట్టెలు ఆటోలో వేసుకుని అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల వరుస చివర పెట్టుకుంటాడు. పోయిన ఆదివారం ఒకటి అమ్ముడుపోయింది. మిగిలినదాన్ని పక్కవాడికి అప్పజెప్పి నాంపల్లి దాకా నడిచాడు.

కంచె లోపల, చివరి కమాను కింద, ప్లాస్టిక్ కుర్చీలో యూనిఫాం వేసుకుని కూర్చున్నది రాజమల్లు. మల్గీ ఖాళీ అయిన నెలలోనే కాంట్రాక్టర్ అతన్ని కాపలాకు పెట్టుకున్నాడు. కంచె సందులోంచి ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ఒక్కసారి లోపటికి పోయొస్తరా మల్లూ. బాల్కనీ దాక."

"వద్దు సేటూ. ఎవ్వర్ని పోనియ్యద్దని రాసిచ్చిన్రు. మీద పెంకు పడితే నా నౌకరి పోతది."

"నా మల్గీలనే కూసున్నవు గదరా."

"ఔ సేటూ. ఇరవై రెండేండ్లు గీడనే కూసుంటి. గప్పుడు నువ్వు తొమ్మిది వేలిచ్చినవు. వీళ్లు పద్నాలుగు ఇస్తున్నరు. చేసేటందుకు పనేం లేదు. చాయ్ తాగుతవా?"

వద్దని, శ్యామ్‌సుందర్ బస్టాప్ బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా స్టేషన్‌లోంచి జనం సంచులతో బయటికి వస్తున్నారు. అతను ఊరికే కూర్చోలేడు కాబట్టి లెక్క వేసుకున్నాడు. పోయినవాటి వైపు మల్గీ ఉంది, రావాల్సిన పద్దెనిమిది లక్షలున్నాయి, జయమ్మ మూత్రపిండాలున్నాయి, ఆమె దగ్గర నేర్చుకుంటున్న పద్నాలుగు మంది పిల్లలున్నారు, పట్టా కింద నానుతున్న హాలు ఉంది. హాలును ఎటువైపు రాయాలో మొదట తోచలేదు. కూలలేదు గనక వచ్చినదాంట్లో వేద్దామనుకున్నాడు. లోపలికి ఎవరూ పోలేరు గనక ఆగాడు. చివరికి అది పోయినవాటిలోనే మిగిలింది. మిగతాదంతా తిరగేసి చూసినా, ఈ మొత్తం వ్యవహారంలో వచ్చింది ఒక్కటే తేలింది: రాజమల్లుకు నెలకు అయిదు వేలు ఎక్కువ.